లోపలి గుడ్డ

కస్తూరమ్మగారి జాకెట్టు పాత పేపర్లో చుట్టుకుని దుకాణానికి వచ్చింది. దుకాణం యజమాని పోలరాజు దాన్ని కటింగు బల్లమీద పెట్టి, "జాగ్రత్త. మా అమ్మ ప్రాణమంతా దీన్లోనే ఉంది," అన్నాడు.

ప్రాణమనే మాట వినగానే నూకమ్మ చేతిలో సూది ఆగింది. అలాంటి వస్తువేదీ తను కూచున్న చోటికి రాకుండా ఉంటేనే ఆమెకు నిశ్చింత. గాజుగ్లాసు చూస్తే పగిలినట్టే, రిక్షా ఎక్కితే తిరగబడినట్టే, ఉక్కు కంపెనీ భోంపూ, షిఫ్టు వదిలే ఆ సైరను, కాస్త ఆలస్యంగా మోగితే లోపల కాంట్రాక్టు పనిలో ఉన్న మొగుడు సూర్యానికి ఏదో అయినట్టే ఆమెకు. హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో, సీతారాండేరా పేటలోని ఈ కుట్టుదుకాణంలో, చాపమీద కూచుని హుక్కులూ కాజాలూ కుట్టేటప్పుడు మాత్రం ఆ భయాలు కాస్త సర్దుకునేవి. ఇప్పుడు ఇక్కడికీ ఒక ప్రాణం వచ్చి పడింది.

ఇప్పుడు దుకాణంలో కత్తెర పట్టే బంగార్రాజు మాస్టరు పేపరు విప్పాడు. ముదురాకుపచ్చ పట్టు, మోచేతులదాకా చేతులు, వెనకాల చిన్న ముడి. గోడమీద ఫొటోలో ఉన్న పోలరాజు తండ్రి అసిరయ్యగారు పెళ్ళైన కొత్తలో భార్య కస్తూరమ్మగారికోసం కోసి కుట్టింది. శుక్రవారం కొత్త షోకేసు తెరుస్తారు. అందులో ఒక పక్క ఈ జాకెట్టు, ఇంకో పక్క బంగార్రాజు బొంబాయి నుంచి నేర్చుకొచ్చిన చేతుల్లేని జాకెట్లు. పైన బోర్డు హిందీలో రాయించారు: పాత పేరు, కొత్త ఫ్యాషన్.

"మాస్టారూ, మీ గురువుగారి పనితనం. ఓసారి చూస్తారా?" అని బంగార్రాజు గుమ్మం పక్కనున్న తోమాస్ మాస్టారి వైపు జాకెట్టు చాపాడు. ఆ "చూస్తారా"లో చిన్న ఎత్తిపొడుపుంది. తోమాస్ మాస్టారి కళ్ళకి శుక్లాలు ముదిరిపోయాయి. అసిరయ్యగారు పోయాక ఈ దుకాణం కత్తెర పట్టింది ఆయనే. కద్మా కంపెనీ క్వార్టర్ల ఆడవాళ్ళందరికీ బుట్టచేతులు అలవాటు చేసింది ఆయనే. ఇప్పుడు స్టూలుమీద కూచుని, పెద్ద కత్తెరతో లేచిన పోగులు కత్తిరిస్తూ, వేళ్ళతో తడుముకుంటూ, కాజాలు సరిగ్గా వచ్చాయో లేదో చెబుతుంటాడు.

ఆయన జాకెట్టు అందుకుని ముందు తిరగేశాడు. అది ఈ దుకాణం అలవాటు. కుట్టిన జాకెట్టుని అసిరయ్యగారు ఏనాడూ పైవైపుగా ఇవ్వలేదు. తిరగేసే చేతికిచ్చేవారు. ముందు లోపల చూసుకో తల్లీ, పైది అద్దం చూపిస్తుంది, అనేవారు. తోమాస్ మాస్టారూ అలాగే ఇచ్చేవాడు. బంగార్రాజు వచ్చాకే ఇస్త్రీ చేసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వడం.

"రెండు వేళ్ళ గుడ్డ వదిలాడు మహానుభావుడు," అన్నాడు మాస్టారు, పక్క కుట్టు వెంబడి బొటనవేలు జరుపుతూ. "ఈ వరస చూడు నూకమ్మా, పెద్దపాప కడుపులో ఉన్నప్పుడు వదులు చేసింది. తరవాత మళ్ళీ బిగించారు. ఇదిగో, ఈ చివరాఖరు వరస పోలరాజుబాబుది. దారం తీసేసినా సూది బెజ్జాలు పోలేదు."

నూకమ్మ వంగి చూసింది. లోపలి గుడ్డమీద, చీమలబారుల్లా, సన్నటి బెజ్జాల వరసలు.

"షోకేసులో బొమ్మకి కడుపు రాదుగా మాస్టారూ!" అన్నాడు బంగార్రాజు.

మిషన్ల దగ్గర అందరూ నవ్వారు. నూకమ్మా నవ్వింది. బంగార్రాజు మాస్టరు నవ్వించినప్పుడు నవ్వకపోతే ఆయన మనసులో పెట్టుకుంటాడేమోనని ఆమెకు భయం. కిటికీ పక్క మిషను ఖాళీ అయింది. షోకేసు పని అయ్యాక అది నూకమ్మ కూతురు పద్మకుమారికే అని ఆయన సగం మాట ఇచ్చాడు. మిషనెక్కితే కూతురు కుట్టుపనిదవుతుంది. ఎక్కకపోతే తనలాగే చాపమీద మోకాళ్ళు అరిగేదాకా హుక్కులు. సూర్యం కంపెనీ లోపలినుంచి ఒకనాడు తిరిగి రాకపోతే ఇంటికి ఆధారం ఆ మిషనే అని నూకమ్మ రోజూ అనుకునేది. తిరిగి రాకపోతే అన్న మాట అనుకున్నందుకు వెంటనే చెంపలేసుకునేది.

హుక్కుల పెట్టె తెచ్చుకోడానికి వెళ్ళిన పద్మ అప్పుడే లోపలికొచ్చింది. బంగార్రాజు ఆ పాత జాకెట్టు ఆమె చేతిలో పడేశాడు. "బొమ్మ కొలతకి టైటు చేసి ఫినిషింగ్ ఇచ్చెయ్. ఏక్‌దమ్ సాఫ్."

తోమాస్ మాస్టారు చెప్పింది ఈ పిల్ల వినలేదు, నూకమ్మకి తెలుసు. నోరు తెరవబోయింది. బంగార్రాజు మాస్టరు చెప్పాక హుక్కులు కుట్టేదానికి మధ్యలో మాటేమిటి అంటారేమో అనుకుని, దారం కొరికి ఊరుకుంది.

సాయంత్రం దుకాణం ఊడుస్తుంటే కత్తిరింపుల గోతాంలో ఆకుపచ్చగా మెరిసింది. నూకమ్మ చెయ్యిపెట్టి లాగింది. వేలెడు వెడల్పున పొడుగాటి పట్టు ముక్కలు. వాటిమీద చీమలబారుల్లా బెజ్జాలు.

ఆమె చీపురు వదిలేసి కూతురివైపు తిరిగింది.

"ఓలే పద్మా, ఏటే ఇది? ఏటి సేసినావే?"

"ఫినిషింగ్, మా," అంది పద్మ, చెప్పులు తొడుక్కుంటూ. "మాస్టర్‌నే బోలా." ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే. తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది. తర్వాత తల్లి మొహం చూసి, ఆగి, తెలుగులోకి వచ్చింది. "బంగార్రాజు మాస్టరే సెప్పినాడు. లోపల అంత గుడ్డుంటే కసురుతారు కదా. రోజూ అన్నిటికీ కొట్టేత్తన్నాను కదా. దీనికెందుకు కొట్టకూడదు?"

"కస్తూరమ్మగోరు తిరగేసి సూత్తారే! ఆవిడ సూడకుండా ఉంటారా? ఇంక మనల్ని ఈదిలోకి గెంటేత్తారు. మీ అయ్యకి తెలిత్తే..."

"ఎల్లి సెప్పేత్తాను. తెలవక కోసినానని."

"నోర్ముయ్! మిషను వద్దేటి నీకు? ఎవలకీ సెప్పకు. నాను సూసుకుంతాను." ఏం చూసుకుంటుందో ఆమెకే తెలీదు. ముక్కల్ని చీర కొంగులో చుట్టి గట్టి ముడేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుంది.

శుక్రవారం నాడు దుకాణం ముందు మామిడాకులు కట్టారు. కస్తూరమ్మగారు కద్మా నుంచి రిక్షాలో వచ్చి, గుమ్మంలో దిగి, షోకేసు ముందు చాలాసేపు నిలబడ్డారు. గాజు వెనక మొండెం బొమ్మకి ఆకుపచ్చ జాకెట్టు పోతపోసినట్టుంది. చూసినవాళ్ళంతా, అసిరయ్య చేతిపని అసిరయ్యదే, అన్నారు. బంగార్రాజు చేతులు కట్టుకుని వినయంగా నవ్వాడు.

అద్దం బయటినుంచే చూసి వెళ్ళిపోతే బాగుండును తల్లీ అని నూకమ్మ మొక్కుకుంటోంది. పక్కనే మిఠాయి పళ్ళెంతో పద్మ.

"ఓసారి తీసి ఇయ్యి నాయినా," అన్నారు కస్తూరమ్మగారు. "సేత్తో ముట్టుకుని సానా రోజులైంది."

బొమ్మమీద నుంచి జాకెట్టు దిగింది. ఆవిడ అరచేతిలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా, అలవాటుగా తిరగేశారు.

పక్క కుట్టు మీద ఆవిడ వేలు ఒకసారి నడిచింది. అంచు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ నడిచింది. ఏదో పారేసుకుని వెతుక్కుంటున్న వేలు.

"లోపల గుడ్డేదిరా?"

పోలరాజు చేతిలోకి తీసుకుని చూశాడు. చిన్నప్పుడు ఆయనకి ఈ జాకెట్టు తిరగేసి, ఇదిగో నువ్వు, అని వాళ్ళమ్మ చూపించేదట. ఆ సంగతి దుకాణంలో అందరికీ తెలుసు. ఆయన మొహం ఎర్రబడింది. "కిస్‌నే కాటా? ఎవరు కోశారిది?"

బంగార్రాజు గొంతు సవరించుకున్నాడు. "నేనైతే బొమ్మకి సరిపోయేలా చెయ్యమన్నానంతే. కొయ్యమనలేదు. తోమాస్ మాస్టారు కూడా చేతిలోకి తీసుకున్నారు కదా, మొన్న..." వాక్యం సగంలో వదిలేశాడు.

పద్మ పళ్ళెం కింద పెట్టబోయింది. నూకమ్మ చెయ్యి చటుక్కున వెళ్ళి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. గాజులు చర్మంలో దిగేంత గట్టిగా.

పోలరాజు చూపు నూకమ్మ మీద ఆగింది. "నువ్వక్కడే కూచుంటావుగా. ఎవరి చేతిలో చూశావు?"

కొంగు ముడి పొట్టకి రాయిలా ఒత్తుకుంటోంది.

"మాస్టారి సేతిలో సూసినాను బాబూ," అంది నూకమ్మ.

అది అబద్ధం కాదని, ఆయన చేతిలో తను చూసిన మాట నిజమేనని, ఆ క్షణంలో ఆమె తనకు తానే చెప్పుకుంది. తోమాస్ మాస్టారు స్టూలుమీద నుంచి లేచాడు. మసకబారిన కళ్ళు ఆమె గొంతు వచ్చిన దిక్కుకి తిప్పాడు.

"అయ్యుంటుంది బాబూ," అన్నాడు నెమ్మదిగా. "చేతిలో కత్తెరుంటే ఈ మధ్య ఏం కోస్తున్నానో... అయ్యుంటుంది."

పోలరాజు గట్టిగా ఏమీ అనలేదు. "మాస్టారూ, ఇంక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి," అన్నాడు. తోమాస్ మాస్టారు కత్తెర చంకలో పెట్టుకుని గొడుగు కోసం గోడ తడిమాడు. అది రెండో పక్కనుంది. ఎవరూ అందించలేదు. వెతుక్కుని, తీసుకుని, మెట్లు లెక్క చూసుకుంటూ దిగిపోయాడు.

మిఠాయి పంచారు. నూకమ్మకీ చేతిలో పెట్టారు. ఆమె తిన్నది.

మర్నాడు పద్మకి కిటికీ పక్క మిషను ఇచ్చారు. ఆ పిల్ల మిషనుకి దండం పెట్టలేదు. ఎవరైనా మిషనెక్కేటప్పుడు కొబ్బరికాయ కొట్టి చాకలెట్లు పంచుతారు. నూకమ్మ కొబ్బరికాయ తెచ్చింది కూడా. అది సంచీలోనే ఉండిపోయింది. పద్మ మణికట్టు మీద గాజుల గుర్తు ఇంకా కమిలే ఉంది. తల్లి వైపు చెయ్యి జాపాల్సి వచ్చినప్పుడల్లా రెండో చెయ్యి జాపుతోంది.

మధ్యాహ్నం తలనొప్పని చెప్పి నూకమ్మ తోమాస్ మాస్టారు ఉండే భుయ్యాడీహ్ వెళ్ళింది. దారంతా మాటలు అనుకుంటూనే నడిచింది. మాస్టారూ, మా గుంట కోసింది, నాను మీమీద ఏసినాను. ఇంతే. ఇంత చెప్పడానికి ఎంతసేపు? నదివైపు సందులో ఒక మేక అడ్డం వస్తే అది కూడా అపశకునమే అనుకుని ఆగింది. మళ్ళీ నడిచింది.

మాస్టారి భార్య సవరమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. "రా నూకమ్మా. నువ్వైనా చెప్పు ఆయనకి. నిన్నట్నుంచి ఒక్క ముద్ద నోట్లో పెట్టలేదు."

ఆయన మంచంమీద కూచుని ఉన్నాడు. ఒళ్ళో ఒక గుడ్డ మూట. అది ఆయన పెద్ద కత్తెర అని పిడి ఆకారం బట్టి తెలుస్తోంది. గుడ్డ చుట్టి, పైన దారంతో చాలా చుట్లు కట్టేశాడు.

"నూకమ్మా, కూచో తల్లీ. నువ్వు చూశావు గనక అడుగుతున్నాను," అన్నాడు. "నేను కోసేటప్పుడు గుడ్డ మడతలో ఉందా, విప్పి ఉందా?"

నూకమ్మ నేలమీద కూచుంది.

"నాకస్సలు గుర్తులేదు. రాత్రంతా అదే. కళ్ళు పోతే పోయాయి, చేతులున్నాయి అనుకున్నాను. గుడ్డ వేళ్ళకి తగిలితే ఎక్కడ కొయ్యాలో ఎక్కడ ఆపాలో వాటికి తెలుస్తుంది అనుకున్నాను. గురువుగారు వదిలిన గుడ్డని నా చేతులే కోసేశాయంటే..." రెండు అరచేతులూ పైకి తిప్పి, కనపడని కళ్ళతో వాటికేసి చూశాడు, వేరే ఎవరివో అన్నట్టు. "దేవుడు నన్ను క్షమిస్తాడు. కస్తూరమ్మగారే ఎలా..."

ఇప్పుడు చెప్పాలి. నోట్లో నాలుక ఉంది, మాట ఉంది. చెబితే ఈ ముసలాయన నమ్మకం తిరిగొస్తుంది. చెబితే కిటికీ పక్క మిషను పోతుంది. దొంగముండలని తల్లీకూతుళ్ళిద్దర్నీ పంపేస్తారు. సీతారాండేరా అంతా పాకుతుంది. సూర్యం చెవిన పడుతుంది. ఆమె కళ్ళముందు ఒకదాని వెనక ఒకటి తలుపులు మూసుకున్నాయి.

"మీరు టీ అయినా తాగండి మాస్టారూ," అంది.

సవరమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది. నూకమ్మ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వచ్చేసింది. కొంగు ముడి బొడ్లోనే ఉంది. దాన్ని బయటికి తీయనే లేదు. సందు మలుపులో గోడకి చెయ్యి ఆన్చి నిలబడి, అప్పుడు ఏడ్చింది. ఎవరైనా చూస్తారేమోనని ఆ ఏడుపు కూడా త్వరగా ముగించింది.

సోమవారం ఆమె నిద్రలేచేసరికి పద్మ ఇంట్లో లేదు. మనసులోనే రైలు కింద, నదిలో, లారీ చక్రాల్లో, ఎక్కడెక్కడో వెతుక్కున్నాక, చెప్పులు కూడా తొడుక్కోకుండా దుకాణానికి పరిగెత్తింది.

పద్మ అక్కడే ఉంది. షోకేసు తలుపు తీసి ఉంది. కస్తూరమ్మగారు కటింగు బల్ల దగ్గర కుర్చీలో కూచున్నారు. పక్కన స్టూలుమీద తోమాస్ మాస్టారు, రెండు చేతులూ గొడుగు పిడి మీద. ఆ పిల్ల తెల్లారగట్లే భుయ్యాడీహ్ వెళ్ళి ఆయనకి చెప్పి, చెయ్యి పట్టుకుని కద్మా తీసుకెళ్ళి ఆవిడకి చెప్పి, ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చింది. అదంతా నూకమ్మకి తర్వాత తెలిసింది. ఇప్పుడు మాత్రం గుమ్మంలోకి రాగానే అందరూ ఆమెవైపు తిరగడం తెలిసింది. మాస్టారు తప్ప. ఆయన తల దించుకున్నాడు. తన బదులు ఆయన సిగ్గుపడుతున్నాడని అర్థమై ఆమెకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"ముక్కలేవే నూకా?" అన్నారు కస్తూరమ్మగారు. కోపంగా కాదు. తాళంచెవి ఏదని అడిగినట్టు.

నూకమ్మ బొడ్లోంచి కొంగు లాగింది. ముడి రాలేదు. చెమటకి తడిసి బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకింది. అందరి ఎదుటా కొంగు నోటికెత్తి పళ్ళతో లాగాల్సి వచ్చింది. ఎంతసేపు పట్టిందో. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ చూపు తిప్పుకోలేదు. చివరికి ముడి ఊడి, నలిగిన పట్టు ముక్కలు బల్లమీద పడ్డాయి.

"మొదట్నుంచీ నీ దగ్గిరే ఉన్నాయన్నమాట," అన్నాడు పోలరాజు.

"ఉన్నాయి బాబూ."

కస్తూరమ్మగారు ముక్కల్ని వేళ్ళతో సాపు చేసి, పద్మ ముందుకి తోశారు. "కోసినదానివి నువ్వే అతుకు."

"అతుకు కనపడతాదమ్మగోరూ," అంది పద్మ, తెలుగులోనే.

"కనపడనీ."

పద్మ కిటికీ పక్క మిషను దగ్గరికి వెళ్ళలేదు. చాపమీద కూచుని చేత్తో అతికింది. ఒక్కో ముక్క పూర్తయ్యాక తోమాస్ మాస్టారికి ఇస్తే, ఆయన బొటనవేలితో నడిచి, "ఇక్కడ పోగు లేచింది," అనో, "ఊఁ" అనో అంటున్నాడు. రెండో "ఊఁ" దగ్గర ఆయన రెండో చెయ్యి కూడా గొడుగు వదిలేసింది.

పని అయ్యాక బంగార్రాజు జాకెట్టుని బొమ్మకి తొడగబోయాడు. "తిరగేసే తొడుగు," అన్నారు కస్తూరమ్మగారు.

"ఉల్టా పెడితే బజారంతా నవ్వుతుందమ్మా! అతుకులన్నీ కనపడుతుంటే దుకాణం పేరేం కావాలి?"

"నవ్వనీ నాయినా. ఈ దుకాణం పేరు అటుపక్కే ఉంది."

నూకమ్మ భయపడ్డదంతా జరిగింది. కిటికీ పక్క మిషను బాలకుమారి అనే ఇంకో పిల్లకి ఇచ్చారు. పద్మ తల్లి పక్కన చాపమీదికి వచ్చింది. తోమాస్ మాస్టారు స్టూలుమీదికి వచ్చాడు. "నూకమ్మా, దారం అందుకో తల్లీ," అని ఎప్పటిలాగే పిలుస్తున్నాడు. ఆ పిలుపు వచ్చినప్పుడల్లా ఆమె చెవులు వేడెక్కుతున్నాయి. పద్మ తల్లితో మాట్లాడటం లేదు. అన్నం వడ్డిస్తే తింటుంది, లాంతరు తుడుస్తుంది, అంతే.

దుకాణం ముందు నుంచి వెళ్ళేవాళ్ళు గాజు దగ్గర ఆగి, "ఉల్టా హై!" అని నవ్వుకుంటున్నారు. ఎవరైనా లోపలికొచ్చి అడిగితే బంగార్రాజు, "కొత్త డిజైన్," అంటున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, చంకలో పిల్లతో ఒకామె లోపలికొచ్చింది. ఆ జాకెట్టు తిరగేసి ఎందుకుంది, ఆ అతుకులేమిటి, అని హిందీలో అడిగింది. గుమ్మానికి దగ్గరగా ఉన్నది నూకమ్మే.

నూకమ్మ సూది గుడ్డలో గుచ్చింది. తనకొచ్చిన హిందీ కొంచెమే. కూతురు కోసిందనీ, తెలిసీ తను అబద్ధమాడి మాస్టారి పేరు చెప్పిందనీ ఆ కొంచెంలోనే చెప్పాలి.

"హమారా బేటీ కాటా," అంది. "హమ్ మాలూమ్ థా. హమ్ ఝూట్ బోలా. ఇన్ కా నామ్ లియా." తోమాస్ మాస్టారి వైపు చెయ్యి చూపించింది. ఆ శుక్రవారం తన మాట చూపించింది కూడా ఆయన్నేనని గుర్తొచ్చి, సగంలో దించేసింది.

వచ్చినామెకి ఏమీ అర్థం కాలేదు. పిల్లని ఇంకో చంకకి మార్చుకుని, "అచ్ఛా," అని వెళ్ళిపోయింది.

దుకాణంలో మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. మాస్టారు ఒక కాజా మీద వేలు ఆపి, మళ్ళీ జరిపాడు. నూకమ్మ సూది తీసి దారం ఎక్కించబోయింది. కళ్ళలో నీళ్ళకి సూదిబెజ్జం కనపడలేదు. దారం ఎంగిలి చేసి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తప్పింది.

పద్మ ఆమె చేతిలోంచి సూది తీసుకుంది. దారం ఎక్కించి, కొసకి ముడేసి, తల్లి మొహంలోకి చూడకుండానే, కమిలిన గుర్తు ఉన్న చేత్తో తిరిగిచ్చింది.